ఫిడేలు మోగుతుండగా నాకు కప్పిన శాలువా

చార్మినార్ చూశారా, గోల్కొండ ఎక్కారా, మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ దగ్గర నిలబడ్డారా అని బందరులో దిగిన దగ్గర్నుంచీ అందరూ అడుగుతూనే ఉన్నారు. అందరికీ కలిపి ఒకటే జవాబు: లేదు. మూడు రోజులు హైదరాబాదులో ఉండి నేను చూసింది నాంపల్లి స్టేషను, ఆబిడ్స్, అక్కడొక సందు, ఒక అద్దె హాలు. మొత్తం నడిచినా అరగంట దూరం ఉండదు. అయినా రాయాల్సింది చాలా ఉంది. ఆ హాల్లో నాకు జరిగిన సన్మానం లాంటిది ఇంకెవరికైనా జరిగి ఉంటే, వాళ్లు సిగ్గుపడి బయటికి చెప్పుకోలేదని అనుకోవాలి.

ముందు ఎందుకు వెళ్లామో చెబుతాను. నేను బందరు మిషన్ ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచర్ని. ఆదివారాలు చర్చిలో పియానో వాయిస్తాను. మా చెల్లెలు రూతు భర్త జయపాల్. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పుకునే మనిషి. ఎదురుగా కంప్యూటర్ సెంటరు వెలిసినప్పటి నుంచీ అతని దగ్గర మిగిలింది ఆరుగురు. వాళ్లలో ఇద్దరు ఫ్యాను కింద చల్లగా ఉంటుందని వస్తారు. అయితే ఈ జయపాల్‌కి చిన్నప్పుడు ఒక మిషనరీ దొరసానమ్మ ఫిడేలు నేర్పింది. ఆవిడ ఇంగ్లండు వెళ్లిపోయింది, ఫిడేలు ఇతనికి అంటుకుపోయింది.

పదకొండేళ్ల క్రితం ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య అతనికొక సంగీతం పుస్తకం దొరికింది. ఇరవయ్యో శతాబ్దంలో ఒక ఫ్రెంచి మహానుభావుడు ఫిడేలుకీ పియానోకీ కలిపి రాసిన రచన. దేశదిమ్మరులు ఊరూరా వాయించుకునే ఫిడేలు పద్ధతిలో ఉంటుంది, వాయించేవాడి ప్రాణం తోడేసేలా ఉంటుంది. అప్పటి నుంచీ మా వాడికి తిండీ నిద్రా అదే. పొద్దున్నే సాధన, టైపు క్లాసు, మళ్లీ సాధన. ఈ రచనని జీవితంలో ఒక్కసారి మనుషుల ముందు మొదటి నుంచి చివరిదాకా వాయించాలి, అంతే అతని కోరిక. ఇంతలో ఆబిడ్స్‌లో ఒక సంగీతం స్కూలుకి వయొలిన్ మాస్టారు కావాలని తెలిసి ఉత్తరం రాశాడు. మా వార్షికోత్సవంలో వాయించండి, కమిటీ వింటుంది, నచ్చితే ఉద్యోగం మీదే అన్నారు. రూతు ఇల్లు గడవాలంటే ఆ ఉద్యోగం రావాలి. పియానోకి నేను తప్ప దిక్కు లేదు కాబట్టి సెలవు పెట్టి బయల్దేరాను.

ఇంకో సంగతి. ఆ రచనలో దాదాపు సగం దాకా పియానోకి పనే లేదు. ఫిడేలు ఒక్కటే, అదీ మొదట్లో అన్నిటికన్నా లావు తీగ మీదే, వాపోతుంది, దెబ్బలాడుతుంది, బతిమాలుతుంది. పియానో మనిషి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ఆ సగం చివర్లో ఫిడేలు ఒక స్వరాన్ని వణికిస్తూ పట్టుకుంటుంది. ఆ వణుకు మీద నేను ప్రవేశించాలి. అక్కణ్ణుంచి ఇద్దరూ పరుగే పరుగు. "సగం దాకా కూర్చోవడానికి నేనెందుకు, ఒక కుర్చీ పెట్టుకోరాదూ?" అంటే జయపాల్ నవ్వడు. "కూర్చోవడం కూడా రాసే ఉంది వదినా" అంటాడు.

నాంపల్లి: పెళ్లి బ్యాండు గదులు

శనివారం తెల్లారి ఆరింటికి చేరాల్సిన బండి తొమ్మిదిన్నరకి చేరింది. స్టేషను ఎదురుగా ఉన్న లాడ్జిలో గుమస్తా ఫిడేలు పెట్టెని చూసి, "ఏంది, షాదీ బ్యాండా?" అని అడిగాడు. కాదు నాయనా, ఇది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం అని నేను వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "బ్యాండోళ్లకు ఎనక రూములే ఇస్తం అమ్మా. పొద్దున్నే ప్రాక్టీసు జేస్తరు, గిరాకీ లొల్లి పెడ్తరు" అని వంటగది పక్కన రెండు గదులు చూపించాడు. మూడు రోజులూ నా చీరలన్నీ ఉల్లిపాయ తాలింపు వాసన కొట్టాయి.

బయట ఎగ్జిబిషన్ రోజులు కావడంతో మైకుల గోల. దుప్పట్లు చవక, గాజులు చవక, బావిలో మోటారు సైకిలు తిప్పేవాణ్ణి చూడండి. జయపాల్ ఆ గోలలో కిటికీ మూసుకుని శబ్దం రాకుండా ఎడమ చేతి వేళ్లు మాత్రమే ఆడిస్తూ కూర్చున్నాడు. రెండు గంటలు అలాగే. చూస్తే భయం వేసింది నాకు.

ఆబిడ్స్: అడక్కుండా పెట్టిన బిస్కెట్లు

మధ్యాహ్నం ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. మన బందరు కాఫీలాగా నాలుక మీద చేదు నిలబడదు. పొద్దుటి నుంచీ కాగుతున్న తేయాకు మీద చిక్కటి పాలు పోసి ఇస్తారు, పంచదార వాళ్ల ఇష్టం. మూడు రూపాయలు. కూర్చోగానే మనం అడక్కుండా ఒక ప్లేటులో ఉస్మానియా బిస్కెట్లు, చిన్న సమోసాలు తెచ్చి పెడతారు. ఆహా, ఎంత మర్యాదస్థులు, మనూళ్లో అయితే మంచినీళ్లు కూడా అడిగి తాగాలి అని మెచ్చుకుంటూ నేను ఐదు బిస్కెట్లూ మూడు సమోసాలూ లాగించాను. లేచేటప్పుడు సర్వరు ప్లేటు వంక చూసి, మిగిలినవి లెక్కబెట్టి, తిన్నవాటి బిల్లు అక్కణ్ణుంచే కౌంటర్‌కి కేకేశాడు. హోటలంతా తిరిగి నా వంకే చూసింది. జయపాల్ ఒక్కటీ ముట్టుకోలేదు. ముందే తెలుసట, చెబితే నేను మొహమాటపడతానని ఊరుకున్నాడట.

సందులో పియానో

సంగీతం స్కూలు ఆబిడ్స్ వెనక సందులో, బట్టల కొట్టు మీద ఉంది. సెక్రటరీ గారు మెట్ల దాకా ఎదురొచ్చారు. సఫారీ సూటు, నవ్వు మొహం. "బందరా అండీ? మాదీ గుడివాడ పక్కనే! యాభై ఆరులో మా తాతగారు ఇక్కడికి వచ్చేశారు. నేనైతే గుడివాడ ఇంకా చూళ్లేదనుకోండి. మీరేం ఫికర్ పెట్టుకోకండి, అన్నీ నేను చూసుకుంటా" అన్నారు. అన్నీ తానే చూసుకునే మనుషుల్ని నేను మా స్కూల్లో చాలామందిని చూశాను. అప్పుడే గుండెలో రాయి పడింది.

రేపు హాలుకి తీసుకెళ్లాల్సిన పియానో అక్కడే ఉంది. దాని ముందు నేల మీద కూర్చుని ఒక ముసలాయన తీగలు సరిచేస్తున్నాడు. పేరు లాజరు. మెదక్ వైపు మనిషి, సికింద్రాబాద్ చర్చిల్లో పియానోలన్నీ ఆయన చేతి మీదుగా బతుకుతున్నవేనట. నన్ను చూసి, "గీ పియానో శాన పాతది అమ్మా. రెండు మెట్లు పల్కుతలేకుండె. జర సూసి కొట్టున్రి, మీ చెయ్యి పడితే పల్కుతయి" అన్నాడు. ఊళ్లో నాకు కనిపించిన మొదటి తెలివైన మనిషి ఆయనే. సంచీలో ఉన్న బందరు హల్వా పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టాను.

రిహార్సల్ మొదలుపెట్టాం. జయపాల్ వాయిస్తున్నాడు, నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రెండు నిమిషాలు కాగానే సెక్రటరీ గారు నా చెవి దగ్గరకొచ్చి, "మేడం, మీరేమైనా మర్చిపోయారా?" అన్నారు. లేదన్నాను. ఇంకో నిమిషానికి, "పియానోలో ఏమైనా ట్రబులా?" అన్నారు. లాజరు కింద నుంచే, "గట్ల రాసిండు సార్ ఆయన. ఆమె వంతు రావాలె గద" అన్నాడు. సెక్రటరీ గారు తల ఊపారు. అర్థం కానివాళ్లు ఊపినట్టే ఊపారు. నా వంతు రాకముందే ఫోను మోగితే వెళ్లిపోయారు, చీఫ్ గెస్టు గారి కారు సంగతి మాట్లాడాలట. అంటే మేమిద్దరం కలిసి వాయించే భాగం ఆయన విననే లేదు.

లాజరు మాత్రం చివరిదాకా విన్నాడు. అయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆదివారం: పేవ్‌మెంటు మీద భవిష్యత్తు

పొద్దున ఆరాధన అయ్యాక జయపాల్ నన్ను ఆబిడ్స్ పేవ్‌మెంటు మీదికి లాక్కెళ్లాడు. ఆదివారం కొట్లన్నీ మూసుంటాయి, వాటి మెట్ల మీద, అరుగుల మీద పుస్తకాలు గుట్టలుగా పోస్తారు. కోఠిలో పరీక్షల గైడ్లు ఎక్కువ దొరుకుతాయి. ఇక్కడ అమ్మేవాడికీ కొనేవాడికీ తెలియని పుస్తకాలు దొరుకుతాయి. తన సంగీతం పుస్తకం దొరికిన చోటు జయపాల్‌కి బాగా గుర్తు. అదే మనిషి ఉన్నాడు, గడ్డం తెల్లబడింది. జయపాల్ ఆయనకి దండం పెట్టి, "పదకొండేళ్ల కిందట మీ దగ్గర ఒక పుస్తకం కొన్నానండీ. ఇవాళ సాయంత్రం అది వాయిస్తున్నాను" అన్నాడు.

ఆయన పైనుంచి కిందకి చూశాడు. "వాపస్ తీస్కోం సార్" అన్నాడు. కాదని చెప్పేసరికి ఊపిరి పీల్చుకుని, గుట్టలోంచి ఒక పుస్తకం లాగి మా వాడి చేతిలో పెట్టాడు. అది టైపు నేర్చుకునే పుస్తకం. "గిది తీస్కోండి సార్, మంచి ఫ్యూచర్ ఉంటది." నేను నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగాను. జయపాల్ కూడా నవ్వాడు, ప్రయాణం మొత్తంలో అదే మొదటిసారి.

నాంపల్లి హాలు

ఆరింటి కార్యక్రమం. ఆరుంబావు దాకా జనం లేరు, ఆరున్నర దాకా మైకు లేదు, ఆరు నలభై దాకా చీఫ్ గెస్టు లేడు. ఆయన దేనికో చైర్మన్. దేనికని ఎవరూ చెప్పలేదు, చైర్మన్ గారనే అందరూ పిలిచారు. దీపం వెలిగిస్తే ఫ్యాను గాలికి ఆరింది. ఫ్యాను ఆపితే చైర్మన్ గారికి చెమట పట్టింది. ఆ తర్వాత ఆయన సంగీతానికి భాష లేదని ఒక్క వాక్యం చెప్పి, మురుగు కాలువల మీద ముప్పావుగంట మాట్లాడారు. కమిటీ వాళ్లు ముందు వరసలో కూర్చుని తల ఊపుతున్నారు. మా వాడి బతుకు తేల్చేది ఆ తలలే.

పిల్లలు ఎనిమిదిమంది ఒకరి తర్వాత ఒకరు వాయించారు, ఒక్కొక్కరి తల్లిదండ్రులు వాళ్ల వాడిది అవగానే లేచి వెళ్లారు. ఆఖరికి మా పేర్లు పిలిచారు. జయపాల్ వంగి నమస్కారం చేశాడు. నేను పియానో ముందు కూర్చుని, దేవుడా, ఈ ఒక్క పది నిమిషాలు అతనికి ఇయ్యి, ఇంకేమీ అడగను అనుకున్నాను.

లావు తీగ మీద మొదలుపెట్టాడు. మొదట కొంచెం బెదురుగానే ఉంది. అయినా తప్పు లేదు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని లెక్కపెట్టుకుంటున్నాను.

అతను లావు తీగ వదిలి పై తీగల మీదికి వెళ్లాక చైర్మన్ గారు గడియారం చూసుకుని లేచారు. ఎక్కడో రిసెప్షన్‌కి వెళ్లాలట. సెక్రటరీ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. కళాకారులకి సన్మానం చివర్లో పెట్టుకున్నారు, చైర్మన్ గారేమో ఇప్పుడే పోతున్నారు. స్టేజీ వైపు చూశారు. ఇద్దరు కళాకారులు. ఒకాయన పనిలో ఉన్నాడు. ఒకావిడ ఖాళీగా కూర్చుంది.

ఓరి నాయనో, ఇంతకన్నా ఏం చెప్పను! చైర్మన్ గారిని చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించేశారు. మైకు నోటికి ఆనించుకుని గుసగుసగా, "కార్యక్రమానికి ఏ మాత్రం అంతరాయం కలగకుండా, ప్రముఖ పియానో విద్వాంసురాలిని చైర్మన్ గారు సత్కరిస్తారు" అన్నారు. ఆ గుసగుస హాలంతా మోగింది. నేను వద్దు వద్దని తల అడ్డంగా ఊపాను. మనలో సన్మానం ఎవరొద్దన్నా అది మొహమాటమే కదా! ఎంత గట్టిగా వద్దంటే అంత వినయం. సెక్రటరీ గారు మురిసిపోయి నా రెక్క పట్టుకుని లేవదీశారు. శాలువా కప్పారు. చేతిలో పూలగుత్తి పెట్టారు. దాని మీద మొమెంటో పెట్టారు. ఫోటో ఆయన, "మేడం, జర ఇటు! సార్, మళ్లొకసారి శాలువా తీసి కప్పండి, ఫ్లాష్ పడలే" అన్నాడు. తీశారు. మళ్లీ కప్పారు.

వెనక జయపాల్ ఆ స్వరం దగ్గరకొచ్చేశాడు. వణుకుతున్న స్వరం, నేను రావలసిన చోటు. పియానోకి నాలుగడుగుల దూరంలో రెండు చేతుల నిండా సామానుతో నిలబడి ఉన్నాను. అతను తల తిప్పి చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. పదకొండేళ్లు, అయిపోయింది, ఇక్కడే ఆగిపోతుంది అనుకున్నాను. సిగ్గుతో, కోపంతో కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆనందబాష్పాలని ముందు వరస చప్పట్లు కొట్టింది.

జయపాల్ ఆపలేదు. వణికిస్తున్న స్వరం వదలకుండా ఒక్క క్షణం కళ్లు మూసుకుని, మెల్లగా కిందికి దిగి, మళ్లీ లావు తీగ మీదికి వెళ్లాడు. మొదటి నుంచి అందుకున్నాడు! వేళ్లు తెగిపడేలా ఉండే ఆ ఒంటరి భాగమంతా, ఒక్క స్వరం వదలకుండా, రెండోసారి. ఈసారి బెదురు లేదు. ఇంత కోపం ఆ మనిషిలో ఉందని నాకు తెలియదు. చైర్మన్ గారు ఆఖరి ఫోటోకి నవ్వి దిగి వెళ్లారు, ఆయన వెనక పాతికమంది వెళ్లారు. నేను పూలగుత్తిని పియానో కిందకి తోసి, శాలువా విసిరేసి కూర్చున్నాను. మళ్లీ ఆ స్వరం వచ్చింది. నేను ప్రవేశించాను. లాజరు చెప్పిన ఆ రెండు మెట్లూ పలికాయి. చివరిదాకా పరిగెత్తాం, కలిసే ఆగాం.

హాల్లో మిగిలింది నలభైమంది ఉంటారేమో. గట్టిగానే కొట్టారు చప్పట్లు.

కుర్చీ కావాలా, మనిషి కావాలా

స్టేజీ వెనక సెక్రటరీ గారు జయపాల్ చేతిలో ఇంకో శాలువా పెట్టారు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా. కప్పడానికి చైర్మన్ గారు లేరు కదా మరి. తర్వాత నా వైపు తిరిగి, "మేడం, మా కమిటీ అంతా మీ వైపే ఉందండీ. పియానో క్లాసు పెట్టేద్దాం. చైర్మన్ గారు సన్మానించారంటే అడ్మిషన్లు ఎట్లా వస్తాయో చూడండి" అన్నారు.

"మరి వయొలిన్?" అన్నాను.

గొంతు తగ్గించారు. జయపాల్ మూడడుగుల దూరంలో ఫిడేలు తుడుచుకుంటున్నాడు. "సార్ బాగానే వాయించారండీ. కాకపోతే మొదట్లో లెంగ్త్ ఎక్కువైందని కమిటీ ఫీలయ్యింది. వచ్చిందే వచ్చిందన్నారు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అది రెండుసార్లు వచ్చింది కాబట్టి లెంగ్త్ ఎక్కువైందండీ. రెండోసారి ఎందుకొచ్చిందో మీ శాలువాని అడగండి. నేను చేసిందల్లా సగం దాకా కూర్చోవడం. కూర్చున్నందుకే ఉద్యోగం ఇచ్చేట్టయితే మీ హాల్లో కుర్చీలు చాలానే ఉన్నాయి, వాటికివ్వండి" అన్నాను. ఆయనకి అర్థమైందో లేదో తెలియదు. తల మాత్రం ఊపారు.

మెట్ల దగ్గర లాజరు ఆగి ఉన్నాడు. జయపాల్ భుజం మీద చెయ్యేసి, "గా మొదటి ముక్క మొత్తం మల్ల కొట్టినవ్ గద బిడ్డా. ఒక్కసారి కొట్టెటోన్నే నా జిందగీల సూడలే" అన్నాడు. ఆ రాత్రి జయపాల్ ఏమీ తినలేదు.

తిరుగు బండి

సోమవారం పొద్దున స్టేషన్లో పేపరు కొన్నాను. లోపలి పేజీలో ఫోటో. చైర్మన్ గారు, శాలువాలో నేను, మధ్యలో సెక్రటరీ గారి పళ్లు. కింద 'పియానో విద్వాంసురాలికి ఘన సన్మానం' అని రాశారు. ఒక పక్కన, సగానికి తెగిపోయి, ఎవరిదో మోచెయ్యి, ఫిడేలు కమాను చివర. జయపాల్ కంట పడకుండా దాచేద్దామనుకున్నాను గాని అప్పటికే చెయ్యి చాపాడు.

సికింద్రాబాద్ దాటాం, ఊరంతా వెనక్కి పోతోంది. అతను ఫోటోని చాలాసేపు చూశాడు. ఉద్యోగం లేదు. ఇంటికెళ్లి రూతుకి ఏం చెప్పాలో తెలియదు. రేపు పొద్దున మళ్లీ ఆ ఆరుగురు. ఏడుస్తాడేమోనని నేను కిటికీ వైపు తిరిగాను.

"ఈ మోచెయ్యి చూడండి వదినా" అన్నాడు. "ఇంత పైకి లేచిందంటే లావు తీగ మీదుంది. మొదటిసారి ఆ తీగ మీదున్నప్పుడు మీరింకా కూర్చునే ఉన్నారు, ఇందులో మీకు శాలువా ఉంది. అంటే ఇది రెండోసారిది. మొదటిసారి భయపడుతూ వాయించా. రెండోసారి బాగా వచ్చింది కదూ?"

"చాలా బాగా వచ్చింది" అన్నాను.

పేపరు నాలుగు మడతలు పెట్టి ఫిడేలు పెట్టెలో దాచుకున్నాడు. "పోతే పోయింది ఉద్యోగం. దీన్ని ఒక్కసారి వాయిస్తే చాలని పదకొండేళ్లు ఎదురుచూశాను. ఒకటిన్నర సార్లు వాయించాను."

సంచీలోంచి అతని శాలువా తీసి, ప్లాస్టిక్ కవరు చింపి, అందరూ చూస్తుండగా లేచి నిలబడి నా చేత్తో అతనికి కప్పాను. అతను నాలాగా వద్దనలేదు. ఎదురు సీట్లో ఆయన ఎవరు, ఏమిటి, ఎందుకు అని అడక్కుండానే చప్పట్లు కొట్టాడు. శాలువా కనిపిస్తే మనవాళ్లకి చేతులు ఆగవు.